బకెట్లో ముందు ఏది పోయాలి

కింద రాసినదాంట్లో ప్రతి మాటా నిజం. మా బోరు మీద ఒట్టు. మా వైపు దేవుడి మీద ఒట్టేస్తారు, కన్నబిడ్డల మీద వేస్తారు, బోరు మీద మాత్రం ఎవడూ వేయడు. దేవుడు క్షమిస్తాడు, బిడ్డలు మరిచిపోతారు. బోరు ఒక్కసారి గాలి కక్కడం మొదలుపెడితే ఇక ఎవరి మాటా వినదు. అట్లాంటిదాని మీద ఒట్టేసి చెబుతున్నాను. నేను కోతలరాయుణ్ణని ఊళ్లో పేరుంది. మా మోటారు స్టార్టరు బటన్‌ను ఉడుము నొక్కిన కథ నాదే. ఎండకు కరెంటు తీగ సాగి నేలకు ఆనితే దాని మీద మా నాయన పంచె ఆరేసుకున్న కథా నాదే. ఇది ఆ వరసలోది కాదు. ఇది కోపంతో రాస్తున్నాను. కోపం మీద ఉన్నవాడికి కోతలు కోసే తీరిక ఉండదు.

మొదటి కోపం మా నీళ్ల మీద. భూమిలో అంత లోతునుంచి పీక్కొచ్చిన నీళ్లు కదా, అమృతంలా ఉండాలి. మా బోరు నీళ్లలో సున్నం ఉంటుంది. కాచిన గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. సబ్బు రుద్దితే నురగ రాదు. నేనూ మా తమ్ముడూ కలిసి పెంచిన చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, డ్రిప్పు వేశాం. ఆ పైపులకు చీమ దూరేంత సన్నటి రంధ్రాలుంటాయి. నీళ్లలోని తెల్లదనమంతా ఆ రంధ్రాల దగ్గరే చేరి గట్టిపడుతుంది. పైన మోటారు గర్జిస్తుంటుంది, కింద చెట్టు పాదు పొడిగా ఉంటుంది. ఉన్నదే పిడికెడు నీళ్లు, అవి కూడా చెట్టు గడప దాకా వచ్చి తలుపు తెరుచుకోక వెనక్కి పోతాయి.

దీనికి మందు ఆసిడ్. సున్నపు పెచ్చు మీద ఆసిడ్ పడితే బుసబుసమని పొంగుతుంది. ఆ పొంగులో ఉండేది సోడా సీసాలో ఉండే గాలే. గట్టిగా ఉన్నది కరిగి నీళ్లలో కలిసిపోతుంది. ఆసిడ్‌ను బాగా పలచన చేసి పైపుల్లోకి వదిలి, కొన్ని గంటలు అట్లాగే ఉంచి, తర్వాత మంచినీళ్లతో కడిగేస్తే రంధ్రాలు తెరుచుకుంటాయి. తోటలున్న వాళ్లందరూ చేసేదే. ఎవరూ దీన్ని రసాయన శాస్త్రం అనరు, ‘ఆసిడ్ కొట్టడం’ అంటారు.

రసాయన శాస్త్రం వేరే ఉంది. అది మాకు బళ్లో చెప్పారు. నా రెండో కోపం దాని మీద.

ఆమ్లం నీలి లిట్మస్‌ను ఎర్రగా మారుస్తుంది. క్షారం ఎర్ర లిట్మస్‌ను నీలంగా మారుస్తుంది. ఈ రెండు వాక్యాలనూ మా తరగతి మొత్తం గొంతు చించుకుని అరిచేది. రోడ్డు మీద పోయే బస్సు డ్రైవరుకు కూడా కంఠతా వచ్చి ఉంటుంది. ఒకరోజు నేను లేచి, “సార్, లిట్మస్ అంటే ఏంది సార్?” అని అడిగాను. సారు నా చెవి పట్టుకుని, “అది నీలంగా ఉంటాది, ఎర్రగా ఉంటాది. కూచో” అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే పాపం ఆయనా చూసి ఉండడు. ప్రయోగశాల అని ఒక బీరువా ఉండేది. దాని తాళంచెవి పాత హెడ్మాస్టరు దగ్గర ఉండేది. పాత హెడ్మాస్టరు బదిలీ అయి ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు. ఆమ్లాలు పుల్లగా ఉంటాయి, క్షారాలు చేదుగా, తాకితే జారుడుగా ఉంటాయి, రెండూ కలిస్తే లవణమూ నీరూ వస్తాయి, దీన్ని తటస్థీకరణం అంటారు. రాశాను. పూర్తి మార్కులు వేశారు. ఆ మార్కులే మా తమ్ముడి కంటి మీదికి వచ్చాయి.

ఎండాకాలం. చీనీ కాయలు గోలీల సైజులో ఉన్నాయి. ఆ సైజులో చెట్టుకు నీళ్లందకపోతే కాయ నిలవదు, రాలిపోతుంది. బోరుకు కరెంటు పొద్దున్నే ఇచ్చి తీసేస్తారు. ఆ పూట కరెంటు ఉన్నంతసేపూ తమ్ముడు ఒక్కో చెట్టు దగ్గరా కూర్చుని పైపును తట్టి చూసి, మొహం మాడ్చుకుని వచ్చాడు.

“సగం చెట్లకు చుక్క పడలేదన్నా. సాయంత్రం కరెంటొచ్చేలోగా ఆసిడ్ కలిపి పెట్టుకోవల్ల. రేపటికి పెట్టుకుంటే కాయ నిలబడదు.”

“కలుపుదాంలేరా. నేను ఆడ పైపు బిగిస్తా, నువ్వు ఈడ కలుపు.”

ఆసిడ్ ముందురోజే నేను కళ్యాణదుర్గంలో కొనుక్కొచ్చాను. దొడ్డు ప్లాస్టిక్ క్యాను. బ్యాటరీలో పోసే దానికంటే చిక్కటి గంధకామ్లం, నూనెలా బరువుగా కదిలేది. అంగడివాడు ఒక్క మాట చెప్పలేదు. ఉప్పు పొట్లం ఇచ్చినట్టు ఇచ్చాడు.

తోటలోనే మాకు రెండు గదుల ఇల్లుంది. ఆ ఇంటి నీడలో మంచం మీద నాయన ఆకూవక్కా నములుతూ కూర్చున్నాడు. ధర్మవరంలో ఇచ్చిన మా అక్క నాయనను చూసిపోదామని వచ్చి, లోపల సంగటి చేస్తోంది. అక్కవాళ్లది పట్టుకు రంగులద్దే ఇల్లు. పెళ్లయినప్పటినుంచీ ఆమె చేతివేళ్లకు సొంత రంగు లేదు. ఒక వారం నెమలికంఠం, ఒక వారం తమలపాకు పచ్చ.

మా వాళ్లు మందు ఎట్లా కలుపుతారో చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. చెనక్కాయకు, అంటే వేరుశనగకు, పురుగుమందు కొట్టేటప్పుడు ముందు బకెట్లో మందు పోస్తాం. తర్వాత నీళ్లు. తాతల నాటినుంచీ అంతే. ఎందుకంటే మందు ఎంతో ముందే తెలుసు, నీళ్లు ఎన్ని దొరుకుతాయో తెలియదు. దొరికినన్ని తెచ్చి మందు మీద పోసుకుంటూ పోతాం. నీళ్లున్న సీమలో బకెట్ నింపి అందులో మందు వేస్తారేమో. మా చేతికి ఆ అలవాటు లేదు. మజ్జిగ కలిపినా అంతే, ముందు పెరుగు, తర్వాత చెంబుతో నీళ్లు.

తమ్ముడు బకెట్లో ముందు ఆసిడ్ పోశాడు. దాని మీద చెంబుతో నీళ్లు పోశాడు.

కాగే నూనెలో తడిచెయ్యి విదిలిస్తే ఎట్లాంటి చప్పుడు వస్తుందో అట్లాంటి చప్పుడు, కాకపోతే పది రెట్లు. చిక్కటి గంధకామ్లం నీళ్లను తాగేటప్పుడు అంత వేడి పుడుతుంది. ఆసిడ్ బరువు, నీళ్లు తేలిక. పైన పడ్డ నీళ్లు పైనే ఉడికి, ఆసిడ్‌ను వెంటబెట్టుకుని ఎగిరాయి. అదే నీళ్లు ఎక్కువగా ఉన్నచోట ఆసిడ్‌ను సన్నటి ధారగా పోస్తే పుట్టిన వేడిని నీళ్లే మింగేస్తాయి. బోడి ఒక్క వాక్యం. ఆ లిట్మస్ అరుపుల మధ్య ఈ ఒక్క వాక్యం అరిపించి ఉంటే ఏం పోయేది?

నేను తిరిగి చూసేసరికి వాడు రెండు చేతులతో కుడికన్ను మూసుకుని గుండ్రంగా తిరుగుతున్నాడు.

“అన్నా, కన్ను! కన్నన్నా!”

నాయన మంచం దిగి పరుగెత్తుకొచ్చాడు. ఆ వయసులో ఆయన పరుగెత్తగలడని ఆరోజే తెలిసింది. చేతిలో సున్నం డబ్బీ.

“చెయ్యి తీయరా! సున్నం పెడతా. ఆసిడ్‌కు సున్నమే ఇరుగుడు. పైపులో సున్నాన్ని ఆసిడ్ తినలేదా? ఈడ సున్నం పెడితే రెండూ ఒకదాన్నొకటి తినుకుంటాయి!”

బడి మొహం చూడని మనిషి. డ్రిప్పు పైపు చూసి తటస్థీకరణాన్ని సొంతంగా కనిపెట్టాడు. దానికి నా చదువు సాక్ష్యం పలికింది.

“అవు నాయనా! ఆమ్లానికి క్షారం! పెట్టు, పెట్టు!” అన్నాను. తమ్ముడి చేతులు కంటి మీదినుంచి లాగి పట్టుకున్నాను కూడా. ఇన్నేళ్లకు చదువు పనికొచ్చిందని ఆ క్షణంలోనూ లోపల ఎక్కడో గర్వంగా అనిపించింది. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

నాయన వేలి మీద తెల్లటి సున్నం. వాడి కంటికి జానెడు దూరం.

అక్క ఎప్పుడొచ్చిందో, సంగటి కట్టెతో నాయన మణికట్టు మీద కొట్టింది. డబ్బీ ఎగిరి పాదులో పడింది.

“పెట్టినారంటే చేతులిరగ్గొడతా ఇద్దరివీ! కన్నా, గోడా అది? నీళ్లు ఎత్తుకరాండి. నీళ్లు తప్ప ఏదీ పెట్టొద్దు!”

వాణ్ణి నేల మీద పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుని, కుడికన్ను కిందికి వచ్చేలా ముఖం పక్కకు తిప్పింది. ఆ నీళ్లు మంచి కంట్లోకి పారకూడదని. రంగు వేళ్లతో రెప్పలు విడదీసి పట్టుకుంది. వాడు తన్నుకుంటున్నాడు. ఆసిడ్‌లో కలపడానికి తెచ్చిన బిందెలో మిగిలినవి నేను పోశాను. అయిపోయాయి. ఇంట్లో తాగడానికి రెండు క్యాన్ల నీళ్లున్నాయి. ఒకటి తెచ్చి చెంబుతో పోస్తున్నాను. ఇక్కడ నా నోట్లోంచి ఊడిపడిన మాట చూడండి.

“అక్కా, రోంత రోంత పోస్తానుండు. రెండు క్యాన్లే ఉండేది.”

“వాని కండ్లు గూడా రెండే ఉండేది రా! పోయ్!”

పోశాను. నీళ్లు పొదుపు చేసీ చేసీ మా బుర్రలు కూడా డ్రిప్పు రంధ్రాల్లా అయిపోయాయి. అన్న తమ్ముడి కంటికి నీళ్లు లెక్క చూస్తాడు. ఈ నేల మీద నాకుండే కోపం ఇంకెవరి మీదా లేదు.

రెండో క్యాను కూడా అడుగంటింది. అక్క ఆపనివ్వలేదు. “ఇంగా కావల్ల. అరగంట తక్కువ కాకుండా పోయల్ల.” ఎక్కడినుంచి తెచ్చేది? కరెంటు సాయంత్రం దాకా రాదు. తోట కంచె అవతల గొర్రెలు కాసే పెద్దాయన అరుపులు విని వచ్చి నిలబడ్డాడు. భుజానికి తాడుతో వేలాడేసుకున్న నీళ్ల క్యాను తీసి నా చేతికిచ్చాడు.

“నీకు లేకుండా పోతాయి కదన్నా” అన్నాను.

“మాట్లాడద్దప్పా, పోయ్. నేను యాడనో ఒకసాట తాగుతా.”

తర్వాత ఆటో దొరికింది. అక్క ఆ క్యానులో మిగిలినవి కళ్యాణదుర్గం దాకా చుక్క చుక్కగా కంట్లో వదులుతూనే ఉంది. ఆటోలో తమ్ముడు ఒకే మాట అడిగాడు, “కన్ను పోతాదా అక్కా?” ఆమె రెప్ప విడదీసి ఇంకో చుక్క వదిలింది. నాకు నోరుండి, జీవితంలో మొదటిసారి, ఒక్క అబద్ధమూ దొరకలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సెలైన్ సీసా వేలాడదీసి కన్ను కడిగించింది. తర్వాత సన్నటి కాగితం ముక్క తీసి రెప్ప లోపల ఆనించి, వెలుతురులోకి పట్టి రంగు చూసింది. పసుపుగా ఉంది. “ఇంకా ఉంది. కడగండి” అంది. మళ్లీ కడిగి మళ్లీ కాగితం పెట్టింది. ఈసారి లేత ఆకుపచ్చ. “ఇప్పుడు సరిపోయింది” అంది.

“అదేం కాగితం మేడమ్?” అని అడిగాను.

“ఆసిడ్ ఉందా లేదా చూసేది. లిట్మస్ చదువుకోలేదా, దానికి అన్నలాంటిది.”

గొంతు చించుకుని అరిచిన ఆ కాగితం జాతిని నేను మొట్టమొదట చూసింది నా తమ్ముడి కంటి రెప్ప కింద. ఆ బీరువా తాళంచెవి ఎవరి మొలతాడుకు వేలాడుతోందో, వాడి ఇంటి పైపులన్నీ పూడిపోవాలి.

“సున్నం గానీ పెట్టారా?” డాక్టరమ్మ అడిగింది.

“లేదు” అంది అక్క. నాయనా నేనూ గోడ మీది రాతలు చదివాం.

“పెట్టి ఉంటే మందులేయడానికి కూడా నా దగ్గర ఏమీ మిగిలేది కాదు. ఆసిడ్ పైపొరను ఉడికిస్తుంది. ఆ ఉడికిన పొరే కొంతవరకు అడ్డం పడుతుంది. సున్నం అట్లా ఆగదు. కరిగించుకుంటూ లోపలికి పోతూనే ఉంటుంది. రెండూ కలిసిన వేడి ఇంకొకటి.”

బయట బల్ల మీద కూర్చున్నాక అక్కను అడిగాను. “ఇదంతా నీకెట్ల తెలుసక్కా? నువ్వు ఎనిమిదిలోనే మానేస్తివి కదా.”

“పట్టు చెప్పింది” అంది. “పచ్చి పట్టుకు జిగురుంటాది. సబ్బూ సోడా ఏసి ఉడకబెడితే పోతాది. ఒక గడియ ఎక్కువ ఉడికిందనుకో, జిగురుతో పాటు పట్టూ పోతాది. పోగు పట్టుకుంటే పీచు రాల్తాది. అదే రంగులో రోంత పులుపేస్తే పట్టుకేం కాదు, ఇంగా కరకరలాడతాది. పులుపును ఓర్చుకుంటాది, సోడాను ఓర్చుకోదు. కన్ను పట్టు కంటే మెత్తన కదరా.”

మర్నాడు ఆమె పాదులో పడ్డ సున్నం డబ్బీని వెతికి తెచ్చింది. పళ్లెంలో పసుపు తడిపి, అందులో వేలెడు సున్నం కలిపింది. ఎర్రబడింది. దిష్టి తీసే ఎర్రనీళ్లు, ప్రతి ఇంట్లో చేసేవే. తర్వాత దాని మీద నిమ్మకాయ పిండింది. మళ్లీ పసుపుపచ్చ అయింది.

“ఎర్రబడితే సోడా జాతి. పులుపు తగిలితే మళ్లీ పసుపు. పట్టులో సోడా పూర్తిగా పోయిందో లేదో మేం ఇట్లనే చూసుకుంటాం” అంది.

నేను ఆ పళ్లెం ముందు కూర్చుని పళ్లు నూరాను. పసుపూ సున్నమూ నిమ్మకాయా లేని పల్లె ఈ జిల్లాలో ఒక్కటుందా? మా సారుకు బీరువా ఎందుకు, తాళంచెవి ఎందుకు? ఇంటినుంచి చిటికెడు పసుపు తెమ్మంటే నలభైమందిమి నలభై చిటికెలు తెచ్చేవాళ్లం.

తమ్ముడి కన్ను పోలేదు. వారాలు పట్టింది. నల్లగుడ్డు అంచున చిన్న తెల్లమచ్చ మిగిలింది. ఎండ చూస్తే నీళ్లు కారతాయి. మా ఎండలో అది చిన్న మాటేమీ కాదు. నల్లద్దాలు పెట్టుకుని తోటలో తిరుగుతాడు. దారిన పోయేవాళ్లు, “ఏమప్పా, షూటింగ్ యాడ?” అంటారు. వాడు నవ్వుతాడు. నేను నవ్వను.

ఇక అంగడివాడి లెక్క తేల్చాలి. కుదుటపడ్డాక ఒకరోజు పోయాను. అదే క్యాను, అదే బకెట్ పట్టుకుని పోయాను. గల్లాపెట్టె మీద బకెట్ పెట్టి, అందులో ఆసిడ్ పోసి, చెంబులో నీళ్లు పైకెత్తి పట్టుకున్నాను. “చెప్పు. నీళ్లు పోయమంటావా?” అని అడిగాను. అంగట్లో ఉన్నవాళ్లందరూ వీధిలోకి దూకారు. అంగడివాడు విత్తనాల మూటల వెనక నక్కి, “అన్నా, తప్పయిపాయె, చెప్పకుండా ఇచ్చినా, కాళ్లు మొక్కుతా” అని ఏడ్చాడు. బస్టాండు దాకా జనం నిలబడిపోయారు. అప్పటికప్పుడు పెయింటరును పిలిపించి, అంగడి కంటే పెద్ద బోర్డు రాయించాను: నీళ్లలోకి ఆసిడ్ పోయండి, ఆసిడ్‌లోకి నీళ్లు పోయకండి. ఎర్ర అక్షరాలు. ఆ బోర్డు బస్సులోంచి కూడా కనిపిస్తుంది.

కనిపించదు. పోయి వెతక్కండి.

బోరు ఈ మధ్య గాలి కక్కుతోంది. అందుకని ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. అంగట్లో జరిగిందంతా కల్పన. నేను అంగడికి పోయింది మాత్రం నిజం. క్యానూ లేదు, బకెట్టూ లేదు. దారిపొడవునా తిట్లు పోగుచేసుకుంటూ పోయాను. నేను నోరు తెరిచేలోగా అతనే లేచి వచ్చాడు.

“తమ్మునికి కన్నెట్లుండాదన్నా? విన్నప్పట్నుంచి మనసు మనసులో లేదు. ఆ దినం నీకు మూడుసార్లు చెప్తిని కదన్నా, నీళ్లలోకే ఆసిడ్ పోయల్ల, తిరగేసి పోయొద్దని. నువ్వు తలూపుకుంటానే ఆ ఉడుము కథ చెప్తాంటివి.”

చెప్పాడు. మూడుసార్లో రెండుసార్లో నాకు గుర్తు లేదు, ఎందుకంటే నేను వినలేదు. ఉడుము బటన్ మీద కాలు పెట్టే చోటికి వచ్చాను, అంగట్లో పదిమంది నవ్వుతున్నారు. ‘ఉప్పు పొట్లం ఇచ్చినట్టు ఇచ్చాడు’ అని పైన రాసింది అబద్ధం.

ఇంకొకటుంది. ఆరోజు తోటలో నేను పైపు బిగించడానికి పోతుంటే తమ్ముడు వెనకనుంచి అడిగాడు, “ఇది ఎట్ల కలపల్లన్నా? అంగడాయన ఏమన్నా చెప్పినాడా?” నాకు తెలియదు అనడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. “చెప్పేదేముందిరా, చెనక్కాయకు మందు కలిపినట్లే” అన్నాను.

ఇన్నాళ్లూ ఎవరి మీద అరిచానో ఆ సారూ, ఆ నేలా, ఆ నీళ్లూ తప్పు లేనివని కాదు. వాటి మీద కోపం తగ్గలేదు, తగ్గించుకోను. కానీ వాడి చేతిలో చెంబు పెట్టింది ఆ మాట.

ఎవరడిగినా తమ్ముడు నల్లద్దాలు సర్దుకుని, “నాకే తొందరెక్కువై పోసుకున్నా, మా అన్న చెప్తానే ఉండె” అంటాడు. మా ఇంట్లో ఆ ఒక్క అబద్ధం నాది కాదు.